ఆరోగ్య శాఖ మంత్రి గారికి: రిస్కు లేదని టిక్కు పెట్టి పరీక్ష మానేయకండి

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నేను గర్భిణుల ఓపీలో చాలాకాలంగా పనిచేస్తున్న నర్సును. కడుపుతో ఉన్నప్పుడు వచ్చే షుగర్ విషయంలో మీ శాఖ నుంచి ఒక ఉత్తర్వు కావాలి. అందుకే ఈ లేఖ.

మొదటి చెకప్‌కి వచ్చినప్పుడు మేం నింపే కార్డులో కొన్ని ప్రశ్నలుంటాయి. అమ్మానాన్నలకో తోబుట్టువులకో షుగర్ ఉందా, ముందు కాన్పులో షుగర్ వచ్చిందా, అప్పటి బిడ్డ బరువెంత, పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి తప్పే సమస్య) ఉందా అని అడుగుతాం. అన్నిటికీ "లేదు" అని వస్తే రిస్కు లేదని టిక్కు పడుతుంది. చాలాచోట్ల ఆ టిక్కు పడ్డాక ఇక గ్లూకోజ్ పరీక్ష ఊసే ఉండదు.

ఆ "లేదు" మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చో కార్డు నింపేవాళ్లకి తెలుసు. "మా అమ్మకి షుగర్ లేదండీ" అంటుంది. ఎప్పుడైనా పరీక్ష చేయించారా అంటే, "అవసరం రాలేదు, ఆవిడ బాగానే ఉంటుంది" అంటుంది. మొదటి బిడ్డ ఎంత బరువు పుట్టాడంటే, "బొద్దుగానే ఉన్నాడు" అన్నది జవాబు. నాలుగు కిలోలు దాటాడో లేదో తెలియాలంటే పాత కాగితం చూడాలి, అది ఎక్కడుందో ఎవరికీ తెలియదు. నెలసరి తప్పుతూ ఏళ్లు గడిచినా పీసీఓఎస్ అన్న పేరు విననివాళ్లు ఎందరో. ఇన్ని సందేహాల మీద నిలబడ్డ టిక్కు అది. పైగా, రిస్కు కారణాలు నిజంగా ఒక్కటీ లేనివాళ్లలోనూ కొందరికి షుగర్ వస్తుంది.

ఎందుకంటే దీనికి మూలం గర్భంలోనే ఉంది. మాయ నుంచి వచ్చే హార్మోన్లు తల్లి ఒంట్లో ఇన్సులిన్ జోరు తగ్గిస్తాయి. అది జబ్బు కాదు, బిడ్డకి గ్లూకోజ్ అందడానికి ఒళ్లు చేసుకునే ఏర్పాటు. ఐదో నెల దాటాక ఇది పెరుగుతూ పోతుంది. క్లోమం మామూలుకంటే రెండు మూడు రెట్ల ఇన్సులిన్ తయారుచేయాల్సి వస్తుంది. అంత చేయలేకపోతే తల్లి రక్తంలో చక్కెర పెరుగుతుంది. ఆ చక్కెర మాయ దాటి బిడ్డకి చేరుతుంది, తల్లి ఇన్సులిన్ మాత్రం దాటదు. అప్పుడు బిడ్డ తన ఇన్సులిన్‌నే ఎక్కువ తయారుచేసుకుని లావెక్కుతుంది. కాన్పులో భుజం ఇరుక్కునే ప్రమాదం, పుట్టిన కొన్ని గంటల్లోనే చక్కెర పడిపోయే ప్రమాదం పెరిగేది ఇందువల్లే. తల్లికి బీపీ ముప్పూ ఎక్కువవుతుంది.

వయసు మీరడం, అధిక బరువు, కుటుంబంలో షుగర్, దక్షిణాసియా వంటి మూలాలు, కవలలు, స్టిరాయిడ్ మందులు ఈ భారాన్ని పెంచేవే. గర్భంలో షుగర్ ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ వచ్చే అవకాశం అన్నిటికంటే ఎక్కువ. ఈ జాబితాలో ఆ మనిషి చేతిలో ఉన్నవెన్ని? బరువు, వ్యాయామం కొంతవరకు. మిగతావి పుట్టుకతోనో కాలంతోనో వచ్చినవి. అయినా రిపోర్టు చేతికి రాగానే "తీపి ఎక్కువ తిన్నావా?" అని గదమాయించేవాళ్లున్నారు, మా సిబ్బందిలోనూ ఉన్నారు. అలా మాటపడ్డ మనిషి తర్వాతి చెకప్‌కి రావడానికే జంకుతుంది.

నేను కోరేది ఇదీ. 24 నుంచి 28 వారాల మధ్య ప్రతి గర్భిణికీ 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష చేయాలి. రిస్కు ప్రశ్నలు ఎవరికి పరీక్ష వద్దో తేల్చడానికి కాదు, ఎవరికి మొదటి చెకప్‌లోనే చేయాలో తేల్చడానికి వాడాలి. గర్భానికి ముందు నుంచే ఉండి బయటపడని షుగర్ ఆ తొలి పరీక్షలో దొరుకుతుంది. అప్పుడు మామూలుగా వచ్చినా 24 వారాలు దాటాక మళ్లీ చేయాల్సిందే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఇచ్చిన హద్దులున్నాయి: డెసిలీటరు రక్తానికి మిల్లీగ్రాముల్లో పరగడుపున 92, గ్లూకోజ్ తాగాక గంటకి 180, రెండు గంటలకి 153. వీటిలో ఏ ఒక్కటి అందుకున్నా షుగర్ ఉన్నట్టే. తొమ్మిది దేశాల్లో జరిగి 2008లో వెలువడిన హాపో అధ్యయనం, తల్లి చక్కెర పెరిగేకొద్దీ బిడ్డకి ముప్పు మెల్లమెల్లగా పెరుగుతుందనే చూపింది. కనిపెట్టాక చేయగలిగింది లేకపోతే ఇంత అడగను. ఎక్కువమందికి తిండిలో మార్పు, రోజూ నడకతోనే అదుపులోకి వస్తుంది, మిగతావాళ్లకి ఇన్సులిన్ ఉంది.

పరీక్ష జరిగే తీరూ కొంచెం చూడండి. పరగడుపున వచ్చి, ఆ తియ్యటి నీళ్లు తాగి, రెండు గంటలు కూర్చోవాలి. వాంతయితే మరో రోజు మళ్లీ రావాలి. కూర్చోడానికి కుర్చీ, దగ్గర్లో బాత్రూం లేని చోట సగంలో లేచి వెళ్లిపోయేవాళ్లని తప్పుపట్టలేం.

ఇక కాన్పు తర్వాత. చక్కెర మామూలుకి రాగానే అందరూ దీన్ని మర్చిపోతారు. ఈ తల్లులకి ముందుముందు టైప్ 2 షుగర్ వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కాన్పయిన 4 నుంచి 12 వారాల్లో ఒకసారి, ఆ తర్వాత ఒకటి నుంచి మూడేళ్లకోసారి పరీక్ష జరగాలి. తనకోసం రాని తల్లి కూడా బిడ్డ టీకాకి తప్పకుండా వస్తుంది. కాబట్టి బిడ్డ టీకాల కార్డు మీదే తల్లి షుగర్ పరీక్షకి ఒక గడి అచ్చు వేయించి, టీకా వేసే రోజునే ఆ పరీక్షా చేసేలా ఉత్తర్వు ఇప్పించండి.

ఇట్లు,
గర్భిణుల ఓపీలో పనిచేసే ఒక నర్సు