బాబ్జీకి, ఖాళీ గడి సంగతి

12 మే 2024, ఆదివారం

ఒరే బాబ్జీ,

ఎలాగున్నావురా? నీ ఉత్తరం వచ్చి ఎన్నాళ్ళయిందో, జవాబు లేదని తిట్టుకుంటూ ఉంటావ్, తిట్టుకో, కానీ ఇది చదివాక వెనక్కి తీసుకోవాలి. వాట్సాప్‌లో చెప్పేద్దామనుకున్నా గానీ నాలుగు ముక్కల్లో తేలేది కాదు. ముందు ఇంటి సంగతులు గబగబా: అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి, చెల్లి ప్లస్ టూ పరీక్షలు అయిపోయాయి, మీ నాన్న మొన్న రేవులో కనిపించారు, నువ్వు పంపిన డబ్బులు అందాయని చెప్పమన్నారు. ఎండల గురించి అడక్కు. అంతే, ఇక అసలు సంగతి.

ఒడ్డున తాబేళ్ళని కాపాడే మన గుంపు ఈసారి ఎలక్షన్లలో దిగింది. ఆగు, కంగారు పడకు, ఎవరి జెండా పట్టుకోలేదు. మార్చి 16న షెడ్యూల్ రాగానే టీచరమ్మ కూర్చోబెట్టి అడిగింది, ఇన్నేళ్ళుగా ఆఫీసుల చుట్టూ తిరిగి దండాలు పెడుతున్నాం కదా, ఇప్పుడు ఆళ్ళే మన గుమ్మంలోకొచ్చి దండం పెడుతున్నప్పుడు మనం అడగకపోతే ఎప్పుడడుగుతాం అని. నిజమే కదరా. పోటీ చేసేవాడు ఇచ్చే అఫిడవిట్‌లో కేసులెన్ని, ఆస్తులెన్ని, ఎంతవరకు చదివాడు అన్నీ రాయాలి, సముద్రం గురించి మాత్రం ఒక్క గడి లేదు. అయితే ఆ గడి మనమే గీద్దాం అన్నాం.

నాలుగు ప్రశ్నలు, పోటీలో ఉన్న అందరికీ అవే. నవంబర్ 1 నుంచి మే 31 దాకా మన ఒడిశా రుషికుల్య ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర 20 కిలోమీటర్ల లోపల తాబేళ్ళ కోసం మరబోట్ల వేట బంద్ కదా, ఆ నెలల్లో ఇళ్ళు ఎలా గడవాలి, ఇదొకటి. ఏట్లో ఇసుక తవ్వకం ఒకటి. తీరంలో రాత్రి లైట్లు ఒకటి. అన్నిటికన్నా పెద్దది రాళ్ళ గట్టు. నీకు తెలుసు, మన ఒడ్డున ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది, మధ్యలో గట్టు కట్టావంటే ఇటు మేట వేస్తుంది, అటు ఊరు కోసుకుపోతుంది. పొడంపేట జనం ఉన్న ఊరొదిలి కొత్త కాలనీకి పోవాల్సొచ్చింది, అది చూశాక కూడా ఈ ప్రశ్న అడక్కుండా ఎలా ఉంటాం చెప్పు.

బ్యాలెట్‌లో ఉన్న వరసలోనే పేర్లు, ఇండిపెండెంట్లతో సహా. ప్రతి ఒక్కరికీ ఒకే ఉత్తరం, ఒకే గడువు, ఇచ్చినట్టు కాపీ మీద సంతకం. ఎవరింట్లోనూ టీ తాగకూడదు, కండువా వేసుకున్నవాళ్ళు ప్రశ్నలు రాసే దగ్గర కూర్చోకూడదు. మా చిన్నమామ ఊరంతా కండువాతో తిరుగుతున్నాడుగా, ఆయన్ని నేనే లేపి పంపించాను, ఆ రోజు నుంచి మాట్లాడ్డం లేదు. బాధగానే ఉంది. సరే అది తర్వాత.

కరపత్రం అచ్చుకి ఇద్దామని బరంపురం వెళ్తే ప్రెస్ బాబాయ్ ముందు డిక్లరేషన్ తెమ్మన్నాడు. అచ్చేయించేవాడు సంతకం పెట్టాలి, వాణ్ణి ఎరిగున్న ఇద్దరు సాక్షి సంతకాలు చెయ్యాలి, కింద ప్రింటర్ పేరు, పబ్లిషర్ పేరు, అడ్రసు ఉండాలి, ఒక కాపీ కలెక్టరుకి పోవాలి. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో 127ఏ అంట, ఆయనకి నోటికొచ్చు. ఇంకోటి కూడా చెప్పాడు, ఫలానావాడు మంచోడు అని అభ్యర్థికి తెలీకుండా మనం ఖర్చుపెట్టి అచ్చేస్తే అది నేరమవుద్ది అని. మేం ఎవర్నీ పొగడ్డం లేదు బాబాయ్, ఎవరేం రాస్తే అది పెడతాం, రాయకపోతే ఖాళీ వదిలేస్తాం అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి, అయితే ఆ ఖాళీయే మీకు గొడవ తెస్తుంది చూడు అన్నాడు. ఎంత కరెక్టుగా అన్నాడ్రా!

అందరి జవాబులూ పక్కపక్కనే రాసే చార్ట్ ఎక్కడ కట్టాలన్నది ఇంకో తగువు. గంగమ్మ గుడి మండపం ఇస్తామన్నారు పెద్దలు, ఎలక్షన్ పనికి గుడీ మసీదూ వాడకూడదు కాబట్టి వద్దన్నాం. వలలు బాగుచేసే పాక కింద కట్టాం, సగం ఒడియాలో సగం తెలుగులో, చదవలేనోళ్ళకి సాయంత్రం టీచరమ్మ గట్టిగా చదివి వినిపించేది, చదివేటప్పుడు గొంతు ఒక్కలాగే ఉండాలని, ఎవరి జవాబు దగ్గరా పైకి లేవకూడదని, పాపం ఇంట్లో ప్రాక్టీస్ కూడా చేసింది.

జవాబులు వచ్చాయి. ఒకాయన నాలుగిటికీ 'పరిశీలిస్తాం'. ఒక ఇండిపెండెంటు రెండు పేజీలు రాశాడు, చక్కగా రాశాడు, నాకైతే... వద్దులే, అది చెప్పకూడదు, నీక్కూడా. ఒక పెద్దాయన దగ్గర్నుంచి మాత్రం ఏమీ రాలేదు. గడువు అయిపోయింది. ఆయన పేరు కింద నాలుగు గడులూ తెల్లగా, కింద 'సమాధానం రాలేదు' అని.

ఇంక చూడు! ఒక్క రోజులో ఆ తెల్ల గడి ఊరూరా తెలిసిపోయింది. ఆడాళ్ళు చేపల గంపలు దించి మరీ చూసి పోతున్నారు. ఫోన్లు మొదలయ్యాయి. ముందు బెదిరింపు, మీరు ఎవరి మనుషులు అని. తర్వాత బుజ్జగింపు, గుంపుకి కొత్త టార్చిలు, జాకెట్లు కొనిపెడతాం, ఆ కాయితం తీసెయ్యండి అని. టీచరమ్మ ఒకటే మాట: తియ్యం, కానీ గడి ఇంకా ఖాళీగానే ఉంది, వచ్చి నింపుకోవచ్చు.

శుక్రవారం, అక్షయ తృతీయ రాత్రి, మేం ఒడ్డున గస్తీ తిరుగుతున్నాం. ఈ ఏడు రుషికుల్య దగ్గర తాబేళ్ళు గుంపుగా రాలేదురా, పోయినేడు 6 లక్షలకు పైగా వచ్చినచోట ఈ ఏడు ఆ జాతరే లేదు, అది తల్చుకుంటే ఇప్పటికీ గుండె పట్టేస్తుంది... విడివిడిగా పెట్టిన గుడ్లు మాత్రం అక్కడక్కడా ఉన్నాయి. ఇంతలో ఇసుక మీదకి మూడు కార్లు, హెడ్‌లైట్లు వేసుకొని. మన రేవు పెద్దమ్మ పరిగెత్తింది, ఆ వయసులో, కారు ముందు చేతులు అడ్డం పెట్టి, "ఏటి బాబూ, లైట్లు ఆర్పండి, పిల్లలు ఎలుగు చూసి ఇటొచ్చీస్తాయి" అని అరిచింది. డ్రైవరు ఏదో అనబోయాడు, వెనక సీట్లోంచి "ఆర్పు" అని వినపడింది. దిగింది ఎవరనుకున్నావ్, ఖాళీ గడి పెద్దాయనే!

నేరుగా పాక కిందకొచ్చాడు. చార్ట్ చూశాడు, చాలాసేపు చూశాడు. కూర్చోడానికి వలల మూట తప్ప ఏం లేదు, దాని మీదే కూర్చున్నాడు, తెల్ల పంచె. ఎర్ర కాయితం చుట్టిన మన టార్చి నేను పట్టుకున్నాను, ఆ వెలుగులో రాస్తున్నాడు. మూడు రాశాడు. నాలుగోది రాళ్ళ గట్టు, పెన్ను ఆగింది. తలెత్తి నన్ను అడిగాడు, "ఏం రాయమంటారు?"

ఒరే, నా నాలిక చివర్న ఉందిరా జవాబు! పదేళ్ళుగా మనం తల బద్దలు కొట్టుకున్న జవాబు. చెప్తే అక్షరం పొల్లుపోకుండా రాసేసేవాడు. చెప్పలేదు. "సార్, మేం చెప్పకూడదు. మీ మాట మీరే రాయాలి" అన్నాను, చేతిలో టార్చి వణికింది. చెప్తే అది ఆయన మాట కాదు, రేపు గెలిచాక ఆళ్ళు రాయించారు అంటాడు, మిగతావాళ్ళకి చెప్పనిది ఈయనకొక్కడికే చెప్పినట్టూ అవుద్ది. అప్పుడు పెద్దమ్మ అంది, ఆమె మన గుంపులో లేదుగా, ఆమె ఓటరు, "మమ్మల్నడక్కుండా ఒక్క రాయి వెయ్యనని రాయి నాయినా" అని. ఆయన కొంచెంసేపు ఆలోచించి, పల్లిసభలో, అంటే ఊరి ఓటర్లంతా కూర్చునే సభలో, పెట్టకుండా తీరంలో ఏ కట్టడానికీ ఒప్పుకోను అని రాసి సంతకం పెట్టాడు. పల్లిసభ! 2013లో నియమగిరి కొండల్లో 12 పల్లిసభలూ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి చూడు, ఆ మాటే మా పాక కింద వలల మూట మీద ఆయన చేత్తో పడింది.

లేచేటప్పుడు అడిగాడు, "అయితే ఇప్పుడు నాకు ఓటెయ్యమని చెప్తారా ఊళ్ళో?" లేద్సార్, అందరి పక్కనా మీదీ పెడతాం, అంతే అన్నాం. మొహం కొంచెం మారింది. అయినా దండం పెట్టి, లైట్లు వెయ్యకుండానే రోడ్డు దాకా వెళ్ళారు.

తెల్లారేసరికి ఇంకో పార్టీ కుర్రాళ్ళు, గడువు దాటాక ఎలా తీసుకున్నారు అని. రాత్రంతా మేం కొట్టుకున్నది కూడా అదే. మన ఆరో నంబర్ పడవ అమ్మాయి గడువంటే గడువే అంది. నేనేమో చార్ట్ ఉన్నది ఓటర్ల కోసం, అభ్యర్థులకి మార్కులు వెయ్యడానికి కాదు, తలుపు తీస్తే అందరికీ తియ్యాలి అన్నాను. పొద్దున్నే అందరికీ ఫోన్లు చేశాం, మీరూ మార్చుకోవచ్చు, కలుపుకోవచ్చు అని. 'పరిశీలిస్తాం' ఆయన మనిషిని పంపి రెండు లైన్లు కలిపించాడు! ఏ జవాబు ఏ తారీఖున వచ్చిందో పక్కనే రాసి పెట్టాం, గడువు దాటినవి దాటినట్టే కనపడతాయి.

నిన్న సాయంత్రం ప్రచారం ఆగింది కదా, చార్ట్ కూడా విప్పేశాం, 48 గంటలు మేమూ మాట్లాడం. మూడోసారి చూద్దామని వచ్చిన ముసలాయన ఉత్త గుంజ చూసి ఉస్సూరుమన్నాడు.

రేపే ఓటు. జూన్ 4న ఎవరు గెలిస్తే వాళ్ళ సంతకం ఉన్న కాయితం లామినేషన్ చేయించి వాళ్ళింటికే పట్టుకెళ్తాం, టీచరమ్మ అప్పుడే డబ్బులు పక్కన పెట్టింది. చిన్నమామ కూడా నిన్న రాత్రి మెల్లగా వచ్చి, ఒరే ఆ జవాబులు నాక్కూడా ఒక కాపీ, అన్నాడు, అప్పుడు నేను ఏం చేశానంటే... అయ్యో, సూరత్ వచ్చే కుర్రాడు సంచి సర్దేసుకున్నాడ్రా, ఈ ఉత్తరం వాడి చేతికే ఇవ్వాలి, గుమ్మంలో నిలబడి అరుస్తున్నాడు. మిగతాది ఫోన్లో. ఎండుచేపల పొట్లం కూడా వాడి దగ్గరే ఉంది, అడిగి తీసుకో.

నీ
చిన్నా