జీడిపప్పు గ్రేడింగ్ మిషన్: రోబో చెయ్యి మానేశాం, గాలి పెడుతున్నాం

పలాస, కాశీబుగ్గ, మందస చుట్టుపక్కల మాకు అడ్వాన్సు ఇచ్చిన జీడి పరిశ్రమల యజమానులందరికీ నమస్కారం. పప్పుని సైజువారీగా ఏరే రోబో చెయ్యి ఇస్తామన్నాం. అది ఇవ్వడం లేదు. కొత్త కంపెనీలకి తోడ్పడే విశాఖ యాక్సిలరేటర్‌లో ఉన్న 12 వారాల్లో మీ పని లెక్కతో దాన్ని తూచి చూసి పక్కన పెట్టేశాం. బదులుగా బెల్టు, కెమెరా, గాలి జెట్లతో నడిచే మిషన్ తయారవుతోంది. బెల్టు మీద వెళ్లే పప్పుని కెమెరా చూస్తుంది, గాలి జెట్ దాన్ని దాని సైజు డబ్బాలోకి కొడుతుంది. ఇది వద్దనుకునేవారికి అడ్వాన్సు మొత్తం, పైసా కోత లేకుండా వెనక్కి ఇస్తాం.

డబ్ల్యూ 320 అనే గ్రేడు అంటే పౌనుకి, అంటే 454 గ్రాములకి, 300 నుంచి 320 గుండ్లు (విరగని పూర్తి పప్పులు). ఒక్కోటి సుమారు 1.4 గ్రాములు. గంటకి 100 కిలోలు తియ్యాలంటే 70 వేల గుండ్లు, సెకనుకి దాదాపు 20. నిమిషానికి 100 గుండ్లు ఏరే రోబో చేతులు పెట్టినా 12 కావాలి. మాడినవి మాత్రమే తీసేయడమైతే ఒకటి రెండు చేతులతో నెట్టుకురావచ్చు. గ్రేడింగులో ప్రతి గుండూ ఏదో ఒక డబ్బాలో పడాలి కదా.

కెమెరాతోనూ ఒక చిక్కుంది. బద్ద, అంటే రెండుగా చీలిన పప్పులో సగం, చదునువైపు కిందకి పెట్టుకుని బెల్టు మీద పడుకుంటే, పైనుంచి చూసే కెమెరాకి అది అచ్చం గుండులాగే కనబడుతుంది. చుట్టుగీత ఒకటే, మందం సగం. అందుకని బెల్టుకి అడ్డంగా లేజర్ గీత వేసి ఎత్తు కొలుస్తున్నాం. ఊరి పిక్కకీ ఆఫ్రికా పిక్కకీ పప్పు వాటం తేడా ఉంటుంది కాబట్టి లాటు మారినప్పుడల్లా 454 గ్రాములు తూచి, లెక్కబెట్టి, మిషన్‌కి కొత్తగా చూపించాలి. ఈ పని ఎగ్గొడితే పెద్ద సైజు 240 గ్రేడులో 320 కలిసిపోతుంది.

మిషన్ మీ చేతికి రావడం ఆలస్యమవడానికి అసలు కారణం మాత్రం నీళ్లు. మన గాలిలో తేమ ఎక్కువ. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున ఘనమీటరు గాలిలో 24 గ్రాముల నీళ్లుంటాయి. జెట్ల కోసం దాన్ని కంప్రెసర్‌తో 7 బార్ ఒత్తిడికి నొక్కి చల్లారనిస్తే అందులో 20 గ్రాములు నీళ్లుగా దిగిపోతాయి. నిమిషానికి 300 లీటర్ల గాలి పీల్చే కంప్రెసర్ ఆగకుండా నడిస్తే 8 గంటల షిఫ్టులో దాదాపు 3 లీటర్లు! ఆ నీళ్లు జెట్‌ని తెరిచి మూసే వాల్వులోకి చేరితే లోపలి ముక్క పట్టేసి, జెట్ ఒక క్షణం ఆలస్యంగా కొడుతుంది. బెల్టు సెకనుకి మీటరు నడుస్తోంది, కాబట్టి 15 మిల్లీసెకన్లు ఆలస్యమైతే గుండు 15 మిల్లీమీటర్లు దాటిపోయినట్టే. గాలి దాని వెనకున్న ఖాళీని కొడుతుంది. పైగా తడి తుంపర పప్పు మీద పడకూడదు, తేమ 5 శాతం దాటితే సరుకు నిలవుండదు.

అందుకే గాలి ట్యాంకుకి నీళ్లని దానంతటదే వదిలే ఆటోమేటిక్ డ్రెయిన్, తర్వాత గాలిని చల్లబరిచి తేమ తీసే రిఫ్రిజరేటెడ్ డ్రయ్యర్, ఆ తర్వాత ఫిల్టర్ కలిపి ఇస్తున్నాం. కంప్రెసర్ ఆయిల్ లేనిదే. మీ షెడ్డులో పైపు వేయించేటప్పుడు మీటరుకి ఒక సెంటీమీటరు చొప్పున డ్రెయిన్ వైపు వాలు ఉంచండి. మిషన్‌కి గొట్టం పైపు పైభాగం నుంచే తీయించండి. అడుగు నుంచి తీస్తే నీళ్లన్నీ నేరుగా వాల్వులోకే.

బెల్టు జారితే కూడా ఇదే తప్పు జరుగుతుంది. మోటారు తిరుగుతూనే ఉంటుంది, బెల్టు వెనకబడుతుంది. అందుకని వేగం కొలిచే ఎన్‌కోడర్‌ని మోటారు నుంచి తీసి, మోటారు లేకుండా బెల్టు కదలికతోనే తిరిగే ఖాళీ రోలరుకి మార్చాం.

పొట్టు ధూళి కెమెరా అద్దానికి అంటుకుంటుంది. రెండు గంటలకోసారి పొడిగుడ్డతో తుడవండి, గాలి గన్‌తో ఊదొద్దు, ధూళి లోపలికి పోతుంది. కంప్రెసర్‌కి వేరే కరెంటు లైను, కెమెరాకీ కంప్యూటర్‌కీ యూపీఎస్ తప్పనిసరి.

పురుగు తొలిచిన సన్నని చిల్లు కిందివైపుంటే ఈ మిషన్‌కి కనబడదు. కాబట్టి చివరి బల్ల దగ్గర ఏరే ఆడవాళ్లని తీసెయ్యకండి. ఆ చూపు ఇంకా వాళ్లదే.

మొదటి మిషన్ మూడు వారాలు వరసగా, వాల్వు పట్టకుండా నడిచాకే రెండోది బయటికొస్తుంది. ఈలోగా మీరు ఆడే ప్రతి రకం పిక్క నుంచి 5 కిలోల గ్రేడు చెయ్యని పప్పు, బద్దతో సహా, విడివిడి సంచుల్లో పంపండి. ఏ పిక్కో, ఏ నెల సరుకో సంచి మీద రాయండి.