మన సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాది కార్యక్రమాలు, గ్రీన్‌స్టెడ్ చెక్క చర్చి విశేషాలు

సభ్యులందరికీ నమస్కారమండీ. సంక్రాంతి ముగ్గులు, ఉగాది పచ్చడి, పిల్లల తెలుగు క్లాసులు, దీపావళి భోజనాలు ఎప్పట్లాగే బాగా జరిగాయి, వంటల దగ్గర నిలబడ్డవాళ్ళకీ హాలు సర్దినవాళ్ళకీ కమిటీ తరఫున థాంక్స్, లెక్కల షీట్ ట్రెజరర్ గారు విడిగా పంపుతారు. ఈసారి నివేదికలో ఎక్కువ భాగం గ్రీన్‌స్టెడ్ ట్రిప్ గురించే. ఆ ప్రోగ్రాం అనౌన్స్ చేసినప్పుడు కొందరు మెంబర్స్ "తెలుగు సంఘానికి చర్చితో పనేంటండీ, ఆ బస్సు డబ్బులతో ఇంకో కల్చరల్ నైట్ పెట్టుకోవచ్చు కదా" అన్నారు. అడగాల్సిన ప్రశ్నే, అందుకే అక్కడ ఏం చూశామో రానివాళ్ళకి కూడా తెలియాలని వివరంగా రాస్తున్నాను.

మనం లండన్ పక్కనున్న ఎసెక్స్‌లో ఇళ్ళు కొనుక్కున్నాం, మన పిల్లలు ఇక్కడే పుట్టి పెరుగుతున్నారు. రోజూ ఎక్కే సెంట్రల్ లైన్ ట్యూబ్ రైలు ఒకప్పుడు ఎప్పింగ్ దాటి ఆంగర్ దాకా వెళ్ళేది, 1994లో ఆ ముక్క ఆపేశారు. ఆ ఆంగర్ ఊరి పక్కనే, పొలాల మధ్య, తొమ్మిది వందల ఏళ్ళు దాటిన చెక్క గోడలతో సెయింట్ ఆండ్రూస్ చర్చి, అదే గ్రీన్‌స్టెడ్ చర్చి, ఉంది, ఇప్పటికీ అందులో ప్రార్థనలు జరుగుతున్నాయి. యూరప్‌లో ఇంకా నిలబడి ఉన్న అతి పాత చెక్క కట్టడాల్లో అదొకటి. 1972లో రాయల్ మెయిల్ వాళ్ళు పల్లెటూరి చర్చిల స్టాంపులు వేసినప్పుడు 3 పెన్నీల స్టాంపు మీద వేసింది దీని బొమ్మే. ఇంత దగ్గర్లో ఉన్నా మనలో చాలామందికి పేరు కూడా తెలీదు.

చాలా చిన్న చర్చి అండీ. బయట నుంచి చూస్తే మూడు కాలాలు మూడు ముక్కలుగా కనిపిస్తాయి: పడమర చివర తెల్ల రంగేసిన చెక్క టవర్, తూర్పు చివర సుమారు 1500 నాటి ఎర్ర ఇటుకల కట్టడం, ఆల్టర్ (పూజలు చేసే బల్ల) ఉండేది అందులోనే, ఈ రెండిటి మధ్యలో నల్లబడిపోయిన అసలు చెక్క గోడలు. ఓక్ మానుల్ని నిలువునా రెండుగా చీల్చి, గుండ్రటి వైపు బయటికీ చదును వైపు లోపలికీ వచ్చేట్టు పక్కపక్కన నిలబెట్టేశారు, మొత్తం 51 ఉన్నాయి. ఒక మెంబర్ గారి నాన్నగారు, పాలకొల్లు దగ్గర వడ్రంగం చేసిన పెద్దాయన, ఇండియా నుంచి వచ్చి ఉన్నారు, ఆయన్ని కూడా తీసుకెళ్ళాం. అందరం ఫోటోలు తీసుకుంటుంటే ఆయన మాత్రం గోడకి ఆనుకునేంత దగ్గరగా వెళ్ళి రెండు మానుల సందులో వేలు పెట్టి చూసి "ఇదిగో అమ్మా, గాడి తీసి పట్టీ దూర్చారు చూడండి, గాలీ వానా లోపలికి రాకుండా" అని పిల్లలకి చూపించారు. నిజంగా అంతే, ఒక్కో మాను అంచున గాడి తీసి, రెండు గాడుల్లోకీ కలిపి సన్నటి చెక్క పట్టీ బిగించారు. లోపలి వైపు బాడిస దెబ్బలు ఇప్పటికీ ఉన్నాయి, గైడ్ గారు చెప్పాక వెతకబోయాం కానీ ఆ పెద్దాయన అప్పటికే వాటి దగ్గర నిలబడి ఉన్నారు.

వయసు లెక్క ఎలా కట్టారన్నది పిల్లలకి బాగా నచ్చిన పార్ట్. 1960లలో 845 నాటిదని చెప్పారు, తర్వాత 1990లలో చెక్కలో ఏడాదికొకటిగా ఏర్పడే వలయాల్ని మళ్ళీ కొలిచి 1063కీ సుమారు 1100కీ మధ్య అని తేల్చారు. బెరడు పక్కనుండే చివరి వలయాలు మిగల్లేదు కాబట్టి ఫలానా ఏడాది అని ఖచ్చితంగా చెప్పడం కుదరదు. ఇక్కడే ఇంకో చిక్కు వస్తుంది. 869లో డేన్స్ (డెన్మార్క్ వైపు నుంచి దండెత్తి వచ్చినవాళ్ళు) చంపేసిన ఈస్ట్ ఆంగ్లియా రాజు ఎడ్మండ్ అవశేషాల్ని 1013లో లండన్ నుంచి బరీ సెయింట్ ఎడ్మండ్స్ అనే ఊరికి తిరిగి తీసుకెళ్తూ ఆంగర్ దగ్గర ఒక చెక్క గుడిలో ఉంచారని పాత రాతల్లో ఉంది, అది ఇదేనని అందరూ చెప్పుకుంటారు, కానీ ఈ గోడలు అప్పటికి లేవు కదా! అంతకుముందే ఇక్కడ ఇంకో కట్టడం ఉండి ఉండాలి, 1960లో ఆల్టర్ వైపు తవ్వినప్పుడు ఇంకా పాత చెక్క కట్టడాల గుర్తులు దొరికాయి కాబట్టి నాకైతే ఆ కథ కొట్టిపారేయాల్సింది కాదనిపిస్తుంది.

ఈ చర్చితో ముడిపడ్డ కూలీల కథ కూడా చెప్పాలి. డోర్సెట్‌లో టోల్‌పడిల్ అనే ఊరి వ్యవసాయ కూలీలు ఆరుగుర్ని, కూలి తగ్గించేస్తున్నారని యూనియన్ పెట్టుకున్నందుకు, రహస్య ప్రమాణం చేశారనే నేరం మోపి 1834లో ఏడేళ్ళ శిక్ష వేసి ఆస్ట్రేలియా పంపేశారు. దేశమంతా గొడవ చేస్తే 1836లో క్షమాభిక్ష వచ్చింది. తిరిగొచ్చాక జనం వేసుకున్న చందాలతో గ్రీన్‌స్టెడ్ చుట్టుపక్కల పొలాలు కౌలుకి ఇప్పించారు. వాళ్ళలో జేమ్స్ బ్రైన్, తనతోపాటే శిక్ష పడిన థామస్ స్టాండ్‌ఫీల్డ్ కూతురు ఎలిజబెత్‌ని 1839లో ఈ చర్చిలోనే పెళ్ళి చేసుకున్నాడు. ఇక్కడ కూడా ఊళ్ళో పెద్దలు వాళ్ళని స్థిరపడనివ్వలేదు, చివరికి చాలామంది కెనడాలో ఒంటారియో వెళ్ళిపోయారు. వలస వచ్చిన మనం ఈ కథ వినాల్సిందే అని నా అభిప్రాయం.

అన్నిటికంటే నేను ఎక్కువసేపు ఆగి చూసింది గోడల అడుగు భాగం. మానుల మొదళ్ళు తడికి కుళ్ళిపోయాయి. 1848లో రిపేర్ మొదలుపెట్టినప్పుడు మొత్తం పీకేసి కొత్తగా కట్టేసుకోవచ్చు, ఎవరూ అడ్డు చెప్పేవాళ్ళు కాదు. కానీ కుళ్ళిన మొదళ్ళ వరకే కోసేసి, కింద ఇటుకల వరస, దాని మీద కొత్త ఓక్ దూలం వేసి, పాత మానుల్ని మళ్ళీ దాని మీదే నిలబెట్టారు. అందుకే ఈరోజు మనకి చూడ్డానికి ఏదో మిగిలింది. మన ఊళ్ళలో ఏం చేస్తున్నామో చూడండి, జీర్ణోద్ధరణ పేరుతో పాత రాతి మండపం కొట్టేసి స్లాబ్ వేస్తాం, శాసనం మీద ఆయిల్ పెయింట్ వేస్తాం, గ్రానైట్ పలక మీద దాతల పేర్లు మాత్రం పెద్దగా చెక్కిస్తాం. ఇక్కడి నుంచి మనం పంపే డొనేషన్లతోనే అందులో చాలా పనులు జరుగుతున్నాయి కాబట్టి ఆ బాధ్యత మన మీద కూడా ఉంది.

ట్రిప్ తర్వాత జరిగిన కమిటీ మీటింగ్‌లో అందుకే ఒక తీర్మానం చేశాం. సొంతూరి గుడికో, చర్చికో, మసీదుకో మన సంఘం పేరు మీద విరాళం అడిగేవాళ్ళు ముందు ఆ కట్టడం ఫోటోలు, ఏం తీసేస్తారు ఏం ఉంచుతారు అన్న వివరం రాసివ్వాలి, ఆర్కియాలజీ తెలిసినవాళ్ళు ఎవరైనా చూశాకే డబ్బు పంపుతాం. దీని మీద అభ్యంతరాలుంటే ఏజీఎంలో (వార్షిక సర్వసభ్య సమావేశంలో) చెప్పండి, ఓటింగ్ పెడతాం. గ్రీన్‌స్టెడ్ చర్చి మెయింటెనెన్స్‌కి మనవాళ్ళు డబ్బాలో వేసింది ఎవరిష్టం కొద్దీ వాళ్ళు వేసిందే, సంఘం ఖాతాలోది కాదు.

వచ్చే ఏడాది వాల్తమ్ అబ్బే అనే ఇంకో పాత చర్చికి వెళ్దామని పిల్లలే అడుగుతున్నారు, డేట్ స్కూల్ సెలవులు చూసి పెడతాం. పెద్దవాళ్ళని తీసుకొచ్చేవాళ్ళు ముందే చెప్తే నడక తక్కువ ఉండేట్టు చూసుకోవచ్చు. మెంబర్‌షిప్ రెన్యువల్ ఇంకా చేయనివాళ్ళు ఏజీఎం లోపు చేసేయండి, లేకపోతే ఓటు ఉండదు.