నీ ఇంజిను సంగతీ, మిగతా సంగతులూ

విద్యానగర్,
హైదరాబాద్

చి. సుధకు,

నాన్న ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మ మోకాళ్ళు వాన ముసురు పట్టినప్పుడల్లా మొరాయిస్తున్నాయి, అయినా కాసేపు కూర్చోమంటే వినదు. పై వాటా వాళ్ళు ఖాళీ చేశారు, టులెట్ బోర్డు పెట్టాం. మొన్న శేషు మామయ్య వాళ్ళ గృహప్రవేశానికి నిజాంపేట వెళ్ళొచ్చాం. భోజనాల దగ్గర పంకజత్త నీ గురించి ఏదో అంది. నేను పట్టించుకోలేదు.

ఫోనులో చెప్పొచ్చుగా, ఈ ఉత్తరమేంటి అంటావు. ఫోను నువ్వు ఎత్తాలి కదా తల్లీ. ఫ్యామిలీ గ్రూపులో నువ్వు పెట్టే బొటనవేలు బొమ్మతో మాట్లాడడం నాకింకా చేతకాలేదు. అయినా నేను రాస్తున్నది అందుకు కాదు. నీ సెర్చ్ ఇంజిన్ని జనంలోకి ఎలా తీసుకెళ్ళాలా అని పొద్దున్నే యూనివర్సిటీలో నడిచేటప్పుడు ఆలోచిస్తున్నాను. నువ్వు అడగలేదు, నిజమే. బతుకంతా మందుల బ్యాగు మోసినవాణ్ణి, అడక్కుండా చెప్పడమే నా ఉద్యోగం.

ముందు ఈ దారిలో వెళ్ళినవాళ్ళ గురించి చదివాను. నీ ఇంజిన్లోనే వెతికాను. సగం దొరికింది, మిగతా సగానికి గూగుల్‌కి వెళ్ళాను. ఏమనుకోకు.

2008లో కూల్ (Cuil) అని ఒక సెర్చ్ ఇంజిను వచ్చిందిట. గూగుల్లో పనిచేసి వచ్చినవాళ్ళే పెట్టారు. మా దగ్గర 12,000 కోట్ల పేజీలున్నాయని చాటింపు వేశారు. మొదటిరోజే జనం విరగబడితే సర్వర్లు కూలబడ్డాయి. దొరికిన ఫలితాలకీ అడిగినదానికీ పొంతన లేదు. 2010లో మూసేశారు. మా మందుల లైన్లో కూడా సరుకు స్టాకిస్టు దగ్గరికి చేరకముందే డాక్టర్లకి డప్పు కొట్టేవాళ్ళు ఉండేవారు. చీటీ పట్టుకుని షాపుకెళ్ళిన మనిషి ఒకసారి లేదనిపించుకుంటే ఆ డాక్టరు మళ్ళీ ఆ మందు రాయడు. నువ్వు మాత్రం ఎన్ని పేజీలున్నాయో ఎక్కడా రాయకు.

డక్‌డక్‌గో అనే ఇంజిను పెట్టిన గేబ్రియల్ వైన్‌బర్గ్ తెలివైనవాడు. అతనూ 2008లోనే, ఒక్కడే మొదలుపెట్టాడు. 2011లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒకే ఒక్క హోర్డింగ్ పెట్టించాడు, 7,000 డాలర్లకి. గూగుల్ మీ వెంట పడుతుంది, మేం పడం అని దాని మీద రాయించాడు. అది పేపర్లకెక్కింది. 2013లో అమెరికా ప్రభుత్వం జనం మీద నిఘా పెట్టిందని స్నోడెన్ బయటపెట్టాక జనం వాళ్ళంతట వాళ్ళే వెతుక్కుంటూ వచ్చారు. అదృష్టమే అనుకో, కానీ అప్పటికే అంగడి తెరిచి కూర్చున్నాడు. ఇది చదివి నువ్వు మాదాపూర్‌లో హోర్డింగ్ పెడతానంటావేమో, వద్దు. అక్కడ వెంచర్ల బోర్డుల మధ్య దేవుడి బోర్డు పెట్టినా కనిపించదు.

డబ్బు కట్టి వాడుకునే నీవా (Neeva) అనే ఇంజిను సంగతి నీకు తెలిసే ఉంటుంది. గూగుల్ ప్రకటనల విభాగం మొత్తం నడిపిన శ్రీధర్ రామస్వామి 2019లో పెట్టాడు, 2023లో మూసేశాడు. డబ్బు కట్టమని ఒప్పించడం కంటే అసలు ఒకసారి వాడి చూడమని ఒప్పించడమే కష్టమైందని వాళ్ళే రాసుకున్నారు. ఆ కంపెనీని స్నోఫ్లేక్ అనే డేటా కంపెనీ కొనుక్కుంది, ఆయన ఇప్పుడు దానికే సీఈఓ. అంటే ఆయనకి ఇంకో ఉద్యోగం దొరికింది. అందరికీ అలా దొరకాలని లేదు. ఊరికే అంటున్నాను.

అలవాటు మాన్పించడం మన వల్ల కాదు. ఆపిల్ ఫోన్లలో ఉండే సఫారీ బ్రౌజరులో తనే ముందుండడానికి గూగుల్ ఒక్క 2022లోనే ఆపిల్‌కి 2,000 కోట్ల డాలర్లు ఇచ్చిందని అమెరికా కోర్టులో బయటపడింది. ఆ పోటీ మనకొద్దు. దీనికి నేను జనగామలో నేర్చుకున్నది పనికొస్తుంది. ఈ కథ నీకు తెలిసిందే, అయినా మళ్ళీ చదువు.

అప్పట్లో నాది చిన్న కంపెనీ, జీడిమెట్లలో రెండు షెడ్లు. పిల్లల ఐరన్ టానిక్ ఇచ్చి వరంగల్ లైను మీదికి తోలారు. జనగామలో ఒక పెద్ద డాక్టరుగారు. రిప్రజెంటేటివులంటే ఆయనకి పడదు, ఆఖరి పేషెంటు వెళ్ళేదాకా బయట బల్ల మీద కూర్చోబెట్టేవాడు. లోపలికెళ్ళి విజువల్ ఎయిడ్, అదే మందుల బొమ్మల పుస్తకం, తెరిచేసరికి కళ్ళజోడు తీసి పెట్టేసేవాడు. పెద్ద కంపెనీ టానిక్కే ఆయన కలానికి అలవాటు. నేను మానేద్దామనుకుని కాంపౌండర్ దగ్గర కూర్చున్నాను. మందులు కట్టిస్తూ అతనన్నాడు, టానిక్కు తాగించాక పిల్లల పళ్ళు నల్లబడుతున్నాయని తల్లులు సీసా తెచ్చి తిరిగిచ్చేస్తున్నారు అని. ఆ పని ఏ ఐరన్ టానిక్కయినా చేస్తుంది, మాదీ చేస్తుంది. మందు మార్చడం నా చేతిలో లేదు. మర్నాడు బేగంబజార్ వెళ్ళి స్ట్రాల కట్టలు కొన్నాను. కూల్‌డ్రింకుల స్ట్రాలే. ఒక్కో శాంపిల్ సీసాకి ఒకటి రబ్బరు బ్యాండుతో చుట్టాను. స్ట్రాతో తాగితే మందు పళ్ళకి తగలకుండా గొంతులోకి పోతుంది. మళ్ళీ వెళ్ళినప్పుడు విజువల్ ఎయిడ్ తియ్యలేదు. సీసా బల్ల మీద పెట్టి, "సార్, మీ టానిక్కు మానొద్దు. పళ్ళు నల్లబడుతున్నాయని ఏడ్చే తల్లి వస్తే మాత్రం ఇది రాయండి" అన్నాను. ఆయన ఆ స్ట్రాని అటూ ఇటూ తిప్పి చూశాడు. నవ్వాడు. కాంపౌండర్ని పిలిచి చూపించాడు. ఆ ఒక్కరకం పేషెంట్లతో మొదలై, ఏడాది తిరిగేసరికి బజారులో మా టానిక్కు లేని మందుల షాపు లేదు. స్ట్రాల బిల్లు ఎందుకు పెట్టావని ఏరియా మేనేజరు నా ఎక్స్‌పెన్సులో కోత వేశాడు, అది వేరే కథ. ఆ మనిషి కూతురి పెళ్ళికి కూడా నేనే వెళ్ళి వడ్డించాను.

కాబట్టి గూగుల్ మానేయండి అని ఎవరికీ చెప్పకు. "ఈ ఒక్కదానికి మా దగ్గరికి రండి" అను. ఆ ఒక్కటి ఏదంటే, నా లెక్కన పాత తెలుగు బ్లాగులు. కూడలి, హారం ఉన్న రోజుల్లో ఎవరేం రాసినా ఒకచోట కనిపించేది. అవి పోయాక అంత రాతా ఎక్కడుందో రాసినవాళ్ళకే తెలీదు. నీ ఇంజిన్లో మాత్రం మన వీధి చివర సుబ్బలక్ష్మిగారు ఎప్పుడో రాసుకున్న కాశీయాత్ర దొరికింది. ఆవిడకి చూపిస్తే కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది, సాయంత్రానికి అమెరికాలో ఉన్న కోడలిదాకా లింకు పంపింది. రాసినవాడు తన పేరు తానే వెతుక్కుంటాడమ్మా, ఎంత పెద్దవాడైనా. ఒక్కొక్కరికీ విడిగా మెయిలు రాయి, మీ రాతలు మా దగ్గర దొరుకుతున్నాయని. వాళ్ళ బ్లాగులో పెట్టుకోడానికి వెతుకు పెట్టె ఒకటి ఉచితంగా ఇవ్వు. తెలంగాణలో తెలుగు కవులు లేరని ఎవరో అంటే సురవరం ప్రతాపరెడ్డిగారు వాదనకి దిగలేదు. 354 మంది కవుల్ని వెతికి, 1934లో సంచిక వేసి చేతిలో పెట్టారు. నువ్వు కూడా వారానికొకటి, పెద్ద ఇంజిన్లలో పైకి తేలని తెలుగు పేజీ తీసి చూపించు.

వెబ్ పేజీలు తిరిగి పోగుచేసే సొంత క్రాలర్ ఉందన్నావు గుర్తుందా, పోయిన సంక్రాంతికి? అది అందరికీ చెప్పు. చాలామంది ఫలితాలని మైక్రోసాఫ్ట్ వాళ్ళ బింగ్ ఇంజిను నుంచి తెచ్చుకుని పైన తమ పేరు వేసుకుంటున్నారని చదివాను. మా లైన్లో దాన్ని థర్డ్ పార్టీ సరుకంటారు. 2025 ఆగస్టు 11న మైక్రోసాఫ్ట్ అలా ఫలితాలు ఇచ్చే బింగ్ ఏపీఐలు మూసేస్తే, వాటి మీద బతుకుతున్న చిన్నవాళ్ళు ఇబ్బంది పడ్డారు. నీకా బెడద లేదు. ఖర్చు మాత్రం ఉంటుంది. సర్వర్ల అద్దె నెలనెలా ఎవరు కడుతున్నారు? జీతంలోంచేనా?

కాగీ వాళ్ళు డబ్బు తీసుకునే ఇంజిను నడుపుతూ మొదటి 100 వెతుకులాటలు ఉచితంగా ఇస్తారట. శాంపిల్ అన్నమాట. మొదట చేరిన 20,000 మందికి టీ షర్టులు కూడా పంచారు. నువ్వు టీ షర్టుల జోలికి పోకు, సైజుల గొడవ.

రహస్యంగా ఉంచుతాం, ఎవరినీ గమనించం అనే ప్రచారం మా నడక బ్యాచ్‌లో చేసి చూశాను. "నా దగ్గర దాచుకోడానికి ఏముందయ్యా" అన్నాడు రావుగారు. "పైల్స్ గురించి వెతికారు కదా, ఇప్పుడు మీ మనవడు ఆ ఫోను తీస్తే ఏం ప్రకటనలు వస్తున్నాయి?" అన్నాను. అప్పుడే ఇంజిన్ వేయించుకున్నాడు. రోగం అంటే మనిషి దాచుకుంటాడు, నేను చూసినవాణ్ణి. నీ కరపత్రంలో ఆ ముక్క రాయి. డేటా, ప్రైవసీ అని రాయకు.

ఇక ఫీల్డు రిపోర్టు. మా వాళ్ళంతా తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు. అలా కొడితే నీ ఇంజిను గుడ్లప్పగించి చూస్తోంది. మీ అమ్మ గోంగూర అని కొట్టింది, ఒక్కటీ రాలేదు. కీబోర్డు మార్చుకో అంటే, కూర మాడుతోంది, నీ కీబోర్డు ఎవడిక్కావాలి అంది. ప్రచారం సంగతి తర్వాత, ముందు ఇది చూడు. ఫోనులో డిఫాల్టు, అంటే దానంతట అది వాడే ఇంజిను, మార్చుకోవడం కూడా ఎవరికీ రావడం లేదు, బొమ్మలేసి ఒక కాగితం తయారుచెయ్యి. పెద్దక్షరాలు.

డిసెంబర్లో ఎన్టీఆర్ స్టేడియంలో బుక్ ఫెయిర్ పెడతారు. స్టాలు దొరక్కపోతే బాబ్జీ స్నేహితుడి స్టాల్లో ఓ మూల బల్ల వేసుకుందాం. పుస్తకాల్లో పెట్టుకునే కార్డు, దాని మీద క్యూఆర్ కోడు, అంతే. నేను కూర్చుంటాను, నాకు నిలబెట్టి మాట్లాడడం వచ్చు. చిక్కడపల్లి లైబ్రరీలో గ్రూప్స్‌కి చదివే పిల్లలకి కూడా చూపించాలి. వాళ్ళకి తెలుగులో చరిత్ర నోట్సు దొరకదు, అదొక రకం పేషెంటు.

ఇదంతా సాయంత్రాలు, శనాదివారాలు చేసుకోదగ్గ పనే. స్వీడన్లో విక్టర్ లోఫ్‌గ్రెన్ అనే అతను మార్జినాలియా అనే ఇంజిన్ని ఇంట్లో మామూలు కంప్యూటర్ మీద పెట్టుకుని నడిపాడు. అతనూ చాన్నాళ్ళు ఉద్యోగం చేసుకుంటూనే నడిపాడు, గ్రాంటు చేతికొచ్చాకే మానేశాడు. నీకు ఏదైనా గ్రాంటు వచ్చిందా? వస్తే చెప్పేదానివే. సాధారణ జ్ఞానం కోసం ఇంకోటి చెబుతున్నాను, అయిదేళ్ళ సర్వీసు నిండకుండా పీఎఫ్ తీస్తే పన్ను కడతారు. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది, ఆ సంగతి మీ వయసువాళ్ళు జ్వరం వచ్చాక గానీ గుర్తుంచుకోరు. రాత్రి రెండింటికి ఆన్‌లైన్‌లో కనిపిస్తున్నావని అమ్మ అంటోంది. ఆవిడ రెండింటికి ఎందుకు లేచి చూస్తోందో నేను అడగలేదు. మధ్యాహ్నం ఏం తింటున్నావు? ఆఫీసు క్యాంటీనుకి వెళ్తున్నావా?

ఇంతకీ పంకజత్త అన్నది ఏమిటంటే, నువ్వు ఉద్యోగం మానేశావని, లాప్‌టాప్ కూడా తిరిగిచ్చేశావని, వాళ్ళ కిరణ్ చెప్పాడని. నలుగురిలో అంది. లీవులో ఉందని నేనన్నాను. అది నిజమో అబద్ధమో నాకు తెలీదు. మానేసినా కొంప మునగదు, పై వాటాలో ఎవరైనా దిగితే అద్దె వస్తుంది, నా ఎఫ్‌డీ ఒకటి మార్చిలో చేతికొస్తుంది. నాకు తెలియకుండా ఉండడమే బాగాలేదు. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఫోను చేస్తాను. అమ్మ గుడికెళ్ళి ఉంటుంది. ఎత్తు.

దసరాకి యశ్వంతపూర్ నుంచి కాచిగూడ వందేభారత్‌లో టికెట్ తీయనా? బస్సులో మాత్రం రావొద్దు.

ఉంటాను,
నాన్న

తా.క. పార్సిల్లో కందిపొడి, నెయ్యి, నీ పాత దుప్పటి పంపింది అమ్మ. అడుగున కవర్లో విడిగా తీసుకునే ఆరోగ్య బీమా ఫారం ఉంది, పెన్సిల్ గుర్తు పెట్టిన రెండుచోట్లా సంతకం చేసి పంపు. మొదటి ప్రీమియం నేను కట్టేశాను.