కారు ఊసులేని వీధి

చిన్నా,

రెండు ఇళ్ల ఫోటోలూ చూశాను. మొదటిదానికి కిందే పార్కింగ్, లిఫ్టు ఎక్కితే ఇంట్లో ఉంటారు. రెండోదైతే వీధిలో కార్లు తిరగవు, కారు కాలనీ చివర వదిలేసి అయిదు నిమిషాలు నడవాలి. "సామాన్లు మోసుకుంటూ రోజూ ఎవరు నడుస్తారమ్మా" అన్నావు. నా ఓటు రెండోదానికే. ఫోన్‌లో చెప్పబోతే మీటింగ్ ఉందన్నావు, అందుకే రాస్తున్నాను.

మొదటి ఇంటి దగ్గర్లో పెద్ద పార్కు ఉందట, మంచిదే. కానీ పాప అక్కడికి వెళ్లాలంటే మీ ఇద్దరిలో ఒకరికి తీరిక దొరకాలి. రోడ్డు దాటించాలి, బెంచీ మీద కూర్చోవాలి, మళ్లీ వెంటపెట్టుకుని రావాలి. వారంలో ఎన్నిసార్లు కుదురుతుందో నువ్వే లెక్కేసుకో. రెండో ఇంటి దగ్గరైతే వీధిలో కార్లు ఉండవు కాబట్టి తలుపు తీసుకుని తనే వెళ్తుంది. ఆకలేస్తే వస్తుంది. గొడవపడి ఏడుస్తూ వస్తుంది, కాసేపటికే మళ్లీ పరిగెడుతుంది. ఆ గొడవలూ కావాలి దానికి. ఎవరు ఔటో, ఎవరు తొండి చేశారో పెద్దవాళ్ల తీర్పు లేకుండా తేల్చుకోవడం ఇంకెక్కడ నేర్చుకుంటారు?

స్విట్జర్లాండ్‌లో మార్కో హ్యూటెన్‌మోజర్ అనే పరిశోధకుడు 1990లలో అయిదేళ్ల పిల్లల మీద అధ్యయనం చేశాడు. ఇంటి బయట పెద్దల తోడు లేకుండా ఆడుకునే పిల్లలు, ట్రాఫిక్ భయంతో ఇంట్లోనే ఉండిపోయిన పిల్లల కంటే ఒంటి చురుకుదనంలోనూ, నలుగురితో కలవడంలోనూ, తమ పనులు తాము చేసుకోవడంలోనూ ముందున్నారు. పెద్దలు వెంట ఉండి ఆటస్థలానికి తీసుకెళ్లినా ఆ లోటు తీరదని తేల్చాడాయన. పార్కు మీద నాకు మోజు లేకపోవడానికి కారణం ఇదే.

మొదటి ఇంటి రోడ్డు మీద ఇంతవరకూ ఒక్క యాక్సిడెంటూ కాలేదని బ్రోకర్ చెప్పాడట కదా. పిల్లలే అడుగుపెట్టని రోడ్డు మీద పిల్లలకేమవుతుంది! ఇంగ్లండ్‌లో 1971లో ఏడెనిమిదేళ్ల పిల్లల్లో 80 శాతం మంది పెద్దల తోడు లేకుండా బడికి వెళ్లేవారు. 1990 నాటికి 9 శాతమే మిగిలారు. ఆ ఏళ్లలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయే పిల్లల సంఖ్య తగ్గింది. రోడ్లు బాగుపడ్డాయని అందరూ సంతోషిస్తుంటే, పిల్లల్ని రోడ్ల మీదికి రానివ్వకపోవడం వల్లే తగ్గిందని ఆ లెక్కలు తీసిన మేయర్ హిల్‌మన్ బృందం చెప్పింది. బ్రోకర్ మాటా ఆ బాపతే.

ఇక నీ సామాన్ల బాధ. జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో, ఒకప్పటి సైనిక స్థావరంలో, 1990లలో వోబాన్ అనే పేట కట్టడం మొదలుపెట్టారు. అక్కడ చాలా వీధుల్లో కారు ఆపి ఉంచడానికి వీల్లేదు. సామాను దింపుకోవడానికి మనిషి నడిచే వేగంతో ఇంటిదాకా వచ్చి, దించేసి వెళ్లిపోవచ్చు. సొంత కారున్నవాళ్లు పేట అంచున ఉన్న పార్కింగ్ భవనంలో చోటు విడిగా కొనుక్కోవాలి. నువ్వు చూసిన కాలనీలోనూ ఇలాంటి వెసులుబాటు ఉందేమో కనుక్కో.

కోడలికి కొత్త చోట తెలిసినవాళ్లు ఉండరని దిగులుగా ఉందన్నావు. శాన్‌ఫ్రాన్సిస్కోలో డోనల్డ్ ఆపిల్‌యార్డ్ అనే పరిశోధకుడు మూడు వీధులను పోల్చి చూస్తే, రోజుకు 16,000 బండ్లు తిరిగే వీధిలో కంటే 2,000 తిరిగే వీధిలో ఒక్కొక్కరికి మూడు రెట్లు ఎక్కువ మంది స్నేహితులున్నారు. పిల్లలు ఆడుకునేచోట తల్లులకు పరిచయాలు అవే అవుతాయి.

రెండో ఇంటి దగ్గరా ఇబ్బందులుంటాయి. కార్లు లేవని చెప్పి బైకులను ఇష్టారాజ్యంగా వదిలేస్తే దండగే, నాకు అసలు అనుమానం అక్కడే. సాయంత్రమైతే పిల్లల గోలకు నీ ఆఫీసు కాల్స్ సాగవు. పాప పెద్దదై బడికి తనే వెళ్తానన్నప్పుడు కాలనీ గేటు బయట దాటాల్సింది ఎలాంటి రోడ్డో ఇప్పుడే చూసి పెట్టుకో.

అడ్వాన్సు ఇచ్చే ముందు మామూలు రోజున, బడి వదిలాక, పాపను తీసుకుని వెళ్లి కాసేపు అక్కడే ఉండండి. పిల్లలు బయట కనిపించకపోతే నా మాట పక్కన పెట్టేయ్. అంబులెన్సు గుమ్మం దాకా వస్తుందా అని కూడా అడుగు. మీ నాన్న మాత్రం సామాన్లకు చక్రాల బండి ఒకటి కొంటే చాలు, దానికింత చర్చ ఎందుకంటున్నారు.

అమ్మ