కాలువ గట్టు మీద లైట్లు వేయించండి

సంపాదకుల వారికి,

డిప్రెషన్ తేలికపాటిదైతే రోజూ నడక, సైకిల్ తొక్కడం వల్ల కొంత ఊరట ఉంటుందని డాక్టర్లే చెబుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం సూచిస్తోంది. బాగానే ఉంది, మా కోనసీమ ఆడవాళ్లు ఎక్కడ నడవాలి? కాలువ గట్టు నిండా తుమ్మకంపలు, కోళ్ల వ్యర్థాలు, ఖాళీ సీసాలు. పొద్దుగూకితే కటిక చీకటి. దానికి తోడు "ఇంట్లో పనేం లేదా?" అనే అరుగు మీది పెద్దమనుషులు! మనసు బాగోని మనిషి గడప దాటడమే గొప్ప. ఆ మాటతో మళ్లీ తలుపేసుకుంటుంది. జిమ్‌లు అక్కర్లేదు, గట్టు శుభ్రం చేయించి నాలుగు లైట్లు వేయిస్తే చాలు. నడుస్తున్నాం కదా అని మాత్రం మందులు మానేయకూడదు. దిగులు మరీ ఎక్కువైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం.

– ఒక పాఠకురాలు, అమలాపురం