అన్ని రబ్బర్లూ ఆయన తువ్వాల్లోనే

ఒరేయ్ బక్కోడా,

నీ ఉత్తరం వచ్చి చాన్నాళ్లయింది. జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో, నీ హక్కు. ఫోన్లో చెబుదామంటే నువ్వు "ఆఁ, తర్వాత, తర్వాత" అని తరుముతావు, కథ చెడిపోతుంది. అందుకే కాగితం. అమ్మ మోకాలు ఫరవాలేదు. బదిలీ సంగతి యథాప్రకారం కోర్టు వాయిదా (మన అర్థంలోనే). చిన్నది సైకిలు నేర్చుకుంది, మోచేతులు రెండూ చెక్కుకుపోయాయి. ఇంటి విశేషాలు ఇంతటితో సమాప్తం.

అసలు సంగతి వేరే ఉంది. మా బడికి తోలుబొమ్మలాయన వచ్చాడు! ఊరికే వచ్చి ఆట ఆడి పోవడం కాదు. కూర్చోబెట్టి పిల్లలచేత బొమ్మలు చేయించాడు.

2020 జాతీయ విద్యావిధానంలో ఒక మంచి మాట ఉందిలే. ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పిల్లలు ఒక 10 రోజులు పుస్తకాల సంచీ లేకుండా రావాలని, వడ్రంగి, కుమ్మరి, తోటమాలి, కళాకారుడు ఇలాంటివాళ్ల దగ్గర పని చేసి చూడాలని. ఇన్నాళ్లూ మా దగ్గర ఆ మాటకి అర్థం గ్రౌండులో గడ్డి పీకడం. ఈసారి హెడ్మాస్టరు గారికి ఏం తోచిందో, ధర్మవరం దగ్గర నిమ్మలకుంటకి మనిషిని పంపించారు. ఆ ఊరు తెలుసుగా, 2020లో పద్మశ్రీ అందుకున్న దళవాయి చలపతిరావు గారి ఊరు. అక్కణ్నుంచి ఒక పెద్దాయన, ఆయన కోడలు వచ్చారు. పేర్లు రాయనులే, ఆయనకి ఇష్టం ఉంటుందో ఉండదో.

మన డ్రాయింగ్ పీరియడ్ ఎలా ఉండేదో మర్చిపోయావా? బల్ల మీద కూజా, కూజా పక్కన మామిడాకు, రెండు కొండల మధ్య సూర్యుడు. మిగతా టైమంతా నీ పసుపు నెమలి మీద విచారణ. ఆ నెమలి గనక ఈయన చేతిలో పడి ఉంటే నీ జీవితం... సరే, ఆ మాట తర్వాత.

పెద్దాయన వచ్చీ రాగానే దుప్పటిలో బల్లపరుపుగా కట్టిన మూట విప్పాడు. పైనే హనుమంతుడు. మా ఏడో తరగతిలో ఎవరికన్నా హనుమంతుడే పొడుగు! ఒకడు వాసన చూసి "సార్, మేక!" అన్నాడు. పెద్దాయన మురిసిపోయాడు. "మేకే అప్పా. నానబెట్టి, వెంట్రుకలు గీకి, బిర్రుగా లాగి ఎండబెడితే ఇట్లా పలచనైతాది" అని బొమ్మని కిటికీకి అడ్డం పెట్టాడు. ఎరుపూ పచ్చా ఒక్కసారిగా వెలిగాయిరా. కిరీటం మీద నగలన్నీ రంగుతో వేసినవి కాదు, ఉలితో కొట్టిన చిన్న చిన్న చిల్లులు. వెలుతురు వాటిలోంచి వస్తే అవే ముత్యాలు. ఈ లోపల ఆయన కోడలితో ఏదో అన్నాడు, అది తెలుగు కాదు. పిల్లలకి చెవులు నిక్కాయి. ఇంట్లో మరాఠీ మాట్లాడుకుంటారట. తాతల తాతలు ఆ దేశం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారట. ఇంట్లో మరాఠీ, తెర వెనక నిలబడితే తెలుగు పద్యం. నేనేమో తెలుగు పంతుల్ని! ఆయన గొంతెత్తిన తర్వాత మా తరగతిలో నేను పద్యం చదవాలంటే మొహమాటంగా ఉంది.

పిల్లలకి తోలు ఎక్కణ్నుంచి తెస్తాం? దళసరి డ్రాయింగు షీటు మీద బొమ్మ గీసి, కత్తిరించి, రంగులేసి, వెనకవైపు నూనె పట్టించమన్నాడు. నూనె కోసం మధ్యాహ్న భోజనం వండే ఆమెని అడిగితే "రిజిస్టరులో ఏమని రాయాల సార్, హనుమంతుడు తాగినాడనా?" అంది. చివరికి ఇచ్చింది, గిన్నె మాత్రం ఆమే పట్టుకుని నిలబడింది. దూది ముంచి రుద్దగానే తెల్లటి కాగితం పలచబడి వెనక చెయ్యి కనబడుతోంది. భౌతికశాస్త్రం సారు అటుగా పోతూ ఆగాడు. కాగితం పోగుల సందుల్లో గాలి ఉంటుంది, అందువల్లే వెలుతురు చెదిరి తెల్లగా కనబడుతుంది, ఆ సందుల్లోకి నూనె చేరితే చెదరడం తగ్గుతుంది అని చెప్పాడు. పీరియడ్ అయిపోయినా కదల్లేదు, తనూ ఒక చేప గీసుకుని నూనె రుద్దుతూ కూర్చున్నాడు.

ఇప్పుడు చెబుతా విను. గీతలు మొదలుపెట్టే ముందు పెద్దాయన తన తువ్వాలు నేల మీద పరిచి "అందరూ రబ్బర్లు ఈడ వేయండి" అన్నాడు. పెన్సిలు వెనక ఉండే బుడిపెతో సహా! వాసనొచ్చే రబ్బర్లు, జీపు ఆకారంలో రబ్బర్లు, కొరికిన ముక్కలు, అన్నీ మూటగట్టి భుజాన వేసుకున్నాడు. తరగతి మొత్తం కన్నతల్లిని పంపించేసినట్టు చూస్తోంది ఆ మూట వంక. "తోలు మీద ఉలి దెబ్బ పడినాక వెనక్కి రాదు పాపా. మా నాయన నాకు ఇట్లనే నేర్పినాడు" అన్నాడు.

ఏడో తరగతిలో ఒక పిల్ల ఉంది. నేను పెట్టుకున్న పేరు నూటికినూరు. నోటుబుక్కులో ఒక్క కొట్టివేత ఉండదు; తప్పొస్తే పేజీ చింపి మళ్లీ మొదట్నుంచి రాస్తుంది. ఆటలో జనాన్ని నవ్వించే బంగారక్క బొమ్మ వేస్తూ నడుం దగ్గర గీత జారిపోయింది. చెరపడానికి లేదు. కళ్లనిండా నీళ్లు. పెద్దాయన వంగి చూసి "తప్పిందా? తప్పనీలే. ఆడ వరసగా చిల్లులు పొడువు, వడ్డాణం అయితాది" అన్నాడు. ఆ పిల్ల కాంపాసు ముల్లు తీసి పొడిచింది. కాసేపటికి ఇంకోచోట తప్పింది, అక్కడ వంకీ. మెడ దగ్గర తప్పింది, కాసులపేరు. సాయంత్రానికి బంగారక్క ఒంటి మీద చోటు లేదురా! మిగతా పిల్లలు చూసి తమ బొమ్మలక్కూడా దిగేశారు. మొత్తం తరగతిలో పేద బొమ్మ ఒక్కటి లేదు.

కీళ్ల పని కూడా రాద్దామనుకున్నా. భుజం, మోచెయ్యి విడివిడిగా కోసి దారం ముడితో కలపడం, ముడి బిగిస్తే చెయ్యి లేవదు, వదులైతే వేలాడుతుంది. కానీ అది రాస్తూ కూర్చుంటే ఆట దగ్గరికి రాలేను.

బంగారక్క, కేతిగాడు ఎవరో నీకు చెప్పక్కర్లేదు, మీ తాతగారు నిన్ను పిలిచిందే కేతిగాడని. రాత్రంతా ఆట నడిచేటప్పుడు జనం కునికితే వీళ్లని దింపుతారట. వీళ్లు ఎవర్నైనా ఏమైనా అనొచ్చు, ఊరి పెద్దనైనా సరే. పెద్దాయన నోట ఆ మాట రావడం ఆలస్యం, వెనక బెంచీ నుంచి "సారోళ్లని కూడానా తాతా?" అని ప్రశ్న. అడిగింది ఎవడనుకున్నావ్, నేను ఎప్పుడూ బయట నిలబెట్టే వీరుడే. కేతిగాడు వాడి చేతికే వెళ్లాడు.

చివరి రోజు చీకటి పడ్డాక ఆట. వరండాకి రెండు తెల్ల పంచెలు కలిపి కుట్టి బిగించాం, వెనక పెద్ద బల్బు. కదలకుండా ఉండాల్సిన చెట్టునీ ఇంటినీ తెరకి ముళ్లతో గుచ్చి నిలబెట్టడం పెద్దాయన చూపించాడు. బడి వెనక తుమ్మచెట్టుకి ఆ రోజు మంచి గిరాకీ. ముందు వరసలో హెడ్మాస్టరు గారు, లెక్కల మేడం, మేమంతా. వెనక అమ్మానాన్నలు. మేడంకి ఈ వ్యవహారం మొదట్నుంచీ నచ్చలేదు. సిలబస్ అవలేదని ఆమె బాధ, అదేమీ అబద్ధం కాదు.

హనుమంతుడు సముద్రం దాటాడు. (బల్బు వైపు జరిపితే బొమ్మ పెద్దదై మసకబారుతుందని పిల్లలే కనిపెట్టారు, దాటేటప్పుడు వాడి పెరుగుదల చూడాలి!) లంకలో దిగగానే కేతిగాడు ఊడిపడ్డాడు.

"బంగారక్కా, బంగారక్కా! శుక్రవారం ఆటల పీరియడ్ తప్పిపోయిందంట, చూసినావా?"

"చూడకేం! భాగహారం ఎత్తుకపోయింది. శేషం గూడా మిగల్లేదు!"

వెనకనుంచి అమ్మానాన్నలు గొల్లుమన్నారు. నేను మేడం వైపు చూసే ధైర్యం చెయ్యలేదు. అప్పుడు ఆమె లేచి నిలబడింది. "ఆటల పీరియడ్ ఇచ్చేస్తా కేతిగా. మరి స్లిప్ టెస్టు తప్పుల్లేకుండా రాస్తావా?"

తెర మీద కేతిగాడి చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఇది రాసుకున్న మాట కాదుగా. పెద్దాయన పక్కనే ఉండీ అందించలేదు, నాకు కంగారు. ఒక క్షణం తర్వాత వాడే అందుకున్నాడు: "రాస్తా మేడం! తప్పొస్తే చెరిపేదానికి రబ్బరేదీ? అన్నీ తాత తువ్వాల్లో ఉండాయి!"

ఆ నవ్వు అణగకముందే, చెప్పమని ఎవరూ అడగకుండానే, నూటికినూరు గొంతు: "చెరిపేదెందుకురా? మేడం సున్నా చుడుతుంది గదా, చెవికి తగిలించుకో!"

ఒరేయ్, మేడం కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది, నవ్వి నవ్వి. హెడ్మాస్టరు గారు ఇప్పటికీ కారిడార్లో నడుస్తూ "చెవికి తగిలించుకో" అనుకుంటూ పోతున్నారు. అలాగని మేడం మారిపోయిందనుకోకు. సోమవారం పొద్దున్నే స్లిప్ టెస్టు పెట్టింది. కాకపోతే శుక్రవారం పీరియడ్ ఈ వారం పిల్లలకే దక్కింది, వచ్చే వారం సంగతి భగవంతుడికెరుక.

నేను ఎన్నేళ్లుగా "సంభాషణ రాయండి" అని ప్రశ్న ఇస్తున్నానో. "రాము: బాగున్నావా? సోము: బాగున్నాను." మార్కులు వేస్తూనే ఉన్నా. ఆ వీరుడి పేపర్లో అదైనా సగమే ఉంటుంది. వాడికి ఆ సమయస్ఫూర్తి ఎక్కణ్నుంచి... ఆ, వదిలేయ్.

రాత్రి పెద్దాయనకి భోజనం మా ఇంట్లోనే. ఇప్పుడు ఆటలకి పిలిచేవాళ్లు తక్కువట, వాళ్ల ఊళ్లో చాలామంది అదే తోలుతో దీపాల గొట్టాలూ గోడకి తగిలించే బొమ్మలూ చేసి అమ్ముతున్నారు. మనవడికి ఉలి పట్టడం వచ్చు, పద్యం రాదు. ఈ మాట ఆయన మామూలుగానే అన్నాడు, నాకే ముద్ద దిగలేదు. ఇంతా చేసి ఆయన చేతిలో పెట్టిన డబ్బు ఎంతో రాయను, సిగ్గేస్తుంది. ఇలాంటివాళ్లని ఏడాదికోసారి పండగలా పిలవడం కాకుండా టైంటేబుల్లోనే ఒక చోటు ఇస్తే... స్టాఫ్ మీటింగులో అన్నాను. అందరూ తలూపారు. తలూపడం సంగతి నీకు తెలుసు, నాలుగో బెంచీ తీర్మానాలన్నీ అలాగే పాసయ్యేవి.

రబ్బర్లు అడుగుతున్నావా? వెళ్తూ మూట విప్పాడు. చాలామంది తీసుకున్నారు. నూటికినూరు కూడా తీసుకుంది, అదేం త్యాగమూర్తి కాదు.

ఇక నీతో పని. మీ ఆసుపత్రిలో పనికిరాని పాత ఎక్స్‌రే ఫిల్ములు మూలన పడి ఉంటాయిగా. వాటితో మంచి బొమ్మలొస్తాయి, కాగితంలా చినగవు. రోగి పేరున్న మూల కత్తిరించి, నీకు ఇబ్బంది లేకపోతేనే, ఒక కట్ట పంపు. బ్లీచింగు నీళ్లలో నానబెట్టి కడిగితే నలుపు పోతుందట, భౌతికశాస్త్రం సారు చేసి చూస్తానన్నాడు. నలుపు పోకపోయినా మంచిదే, రావణుడికి ఎవరివో పక్కటెముకలుంటాయి. పది తలలకి పుర్రెల ఫిల్ములు కూడా దొరికితే మరీ... ఒరేయ్, టపా బస్సు హారన్ కొడుతోంది, ఇది ఇప్పుడు ఇవ్వకపోతే మళ్లీ సోమవారమే. మీ ఆవిడ గురించి అడగనేలేదు, వచ్చే ఉత్తరంలో అడుగుతా. ఫిల్ములు మర్చిపోకు!

నీ,
నాలుగో బెంచీ